నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు: ఎన్‌ఐసీయూ దాటాక పదేళ్లకు, ఇరవయ్యేళ్లకు ఏమవుతుంది?

క్లుప్తంగా: 37 వారాలు నిండకముందే పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది బాగానే ఎదుగుతారు. ముప్పు ఎంతన్నది ఎన్ని వారాలు తక్కువన్న దాన్ని బట్టి బాగా మారిపోతుంది. సమస్యలు కూడా ఒకేసారి బయటపడవు. కళ్లకు గడువు నెల రోజులు, కాళ్ల బిగుతు తెలిసేది ఏడాది లోపు, చదువులో ఇబ్బంది కనిపించేది రెండో మూడో తరగతిలో, బీపీ సంగతి పాతికేళ్లకు. అందువల్ల డిశ్చార్జి తర్వాతి ఫాలోఅప్ కూడా చికిత్సలో భాగమే.

తెలుగులో 'నెలతక్కువ' అన్న మాట తిట్టుగా స్థిరపడిపోయింది. మందకొడిగా ఉన్నవాణ్ణి, చెప్పిన పని సరిగా చేయనివాణ్ణి అలా అనేస్తుంటారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు జీవితాంతం ఏదో ఒక లోటు తప్పదన్న నమ్మకం ఆ తిట్టులో ఉంది. బిడ్డను ఎన్‌ఐసీయూ (పసికందుల ఇంటెన్సివ్ కేర్ విభాగం) నుంచి ఇంటికి తెచ్చిన రోజున మాత్రం చుట్టాలు దీనికి పూర్తిగా ఎదురు మాట చెబుతారు: "గండం గట్టెక్కింది, ఇక భయం లేదు." మొదటి మాట తల్లిదండ్రులను అనవసరంగా కుంగదీస్తుంది. రెండో మాట తర్వాత చేయించాల్సిన పరీక్షలను మరిపిస్తుంది. ఎక్కువ నష్టం చేసేది రెండోదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.34 కోట్ల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు. అంటే పుట్టిన ప్రతి పదిమందిలో ఒకరు. అందులో 30 లక్షల మంది ఒక్క భారతదేశంలోనే. మరే దేశంలోనూ ఇంతమంది లేరు.

ఒకప్పుడు ఈ పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉంటారన్న ప్రశ్నే పెద్దగా వచ్చేది కాదు, ఎందుకంటే చాలామంది బతికేవాళ్లు కాదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీకి 34 వారాలు దాటాక ఒక కొడుకు పుట్టాడు. బరువు రెండు కిలోల పైనే. దేశంలోని పెద్ద డాక్టర్లంతా ప్రయత్నించినా, ఊపిరితిత్తులు విచ్చుకోక రెండు రోజులు నిండకుండానే చనిపోయాడు. ఇవాళ అలాంటి బిడ్డ మన జిల్లా ఆసుపత్రిలో జబ్బుపడ్డ పసికందులను చూసే ఎస్‌ఎన్‌సీయూ విభాగంలో కూడా సాధారణంగా బతికి బయటపడతాడు. అలా బతికిన తరం ఇప్పుడు బడుల్లో, కాలేజీల్లో, ఉద్యోగాల్లో ఉంది. పెద్దయ్యాక ఏమవుతుందన్నది వాళ్లను చూసే ఇప్పుడు కొంత కొంత తెలుస్తోంది.

## ఏడో నెల, ఎనిమిదో నెల

'ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుడితే కష్టం' అన్న మాట పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అది నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు కలిసొచ్చేదే. 28 వారాల బిడ్డ కంటే 32 వారాల బిడ్డ, 32 వారాల బిడ్డ కంటే 35 వారాల బిడ్డ గట్టిగా ఉంటుంది. ఈ వరుసలో మధ్యలో గోతి లేదు.

వైద్యులు లెక్కను నెలల్లో కాకుండా వారాల్లో చెప్పడానికి కారణం ఇదే. 28 వారాల లోపు పుడితే అత్యంత ముందస్తు జననం. 28 నుంచి 32 లోపు చాలా ముందస్తు. 32 నుంచి 37 లోపు మధ్యస్థం, ఆలస్య ముందస్తు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో దాదాపు 85 శాతం ఈ చివరి గుంపులోనే ఉంటారు. పత్రికల్లో, ఇంటర్నెట్‌లో కనిపించే భయపెట్టే అంకెలు ఎక్కువగా మొదటి గుంపుకు చెందినవి. 35 వారాలకు బిడ్డను కన్న తల్లి 25 వారాల పిల్లల మీద చేసిన అధ్యయనం చదివి టెన్షన్ పడుతుంటే, ఆ అంకె ఆమె బిడ్డది కాదని చెప్పేవాళ్లు పక్కన ఉండాలి.

## చివరి మూడు నెలల్లో కడుపులో జరిగే పని

నెలలు తక్కువైతే బిడ్డ చిన్నగా పుడుతుందని అందరికీ తెలుసు. అసలు తేడా బరువులో కంటే అవయవాల తయారీలో ఉంది. ఆఖరి పన్నెండు వారాల్లో జరగాల్సిన పని ఆసుపత్రిలో లైట్ల కింద, సూదుల మధ్య, మానిటర్ల మోతలో జరగాల్సి వస్తుంది.

మెదడు సంగతే చూద్దాం. 24 వారాలప్పుడు దాని పైభాగం దాదాపు నున్నగా ఉంటుంది. మడతలన్నీ ఆ తర్వాత పడేవే. 34 వారాలకు కూడా దాని బరువు పూర్తి నెలల బిడ్డ మెదడులో మూడింట రెండు వంతులే. ఒక భాగం నుంచి మరో భాగానికి సంకేతాలు మోసే నరాల తీగల మీద, కరెంటు వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు, కొవ్వు పొర ఒకటి ఏర్పడాలి. ఆ పొరను తయారుచేసే కణాలు 23 నుంచి 32 వారాల మధ్య ఇంకా పచ్చిగా ఉంటాయి. ఆక్సిజన్ కాసేపు తగ్గినా, ఒంట్లో ఇన్ఫెక్షన్ వచ్చినా ముందు దెబ్బతినేది అవే. ఇది కాక మెదడు లోపలి గదుల అంచున సన్నని రక్తనాళాల గుంపు ఒకటి ఉంటుంది. నెలలు నిండేసరికి అది దానంతట అదే కరిగిపోవాలి. ముందే పుట్టిన బిడ్డలో అది ఇంకా మిగిలి ఉండి, బీపీ కాస్త అటూ ఇటూ అయినా చిట్లుతుంది. ఇలాంటి రక్తస్రావాలు ఎక్కువగా పుట్టిన మొదటి మూడు రోజుల్లోనే జరుగుతాయి.

కాళ్లను కదిలించే నరాల తీగలు ఆ గదులకు బాగా దగ్గరగా, చేతులవి కొంచెం దూరంగా సాగుతాయి. అందుకే నెల తక్కువ పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల కదలిక అదుపు తప్పడం) వచ్చినప్పుడు బిగుతు తరచూ చేతుల్లో కంటే కాళ్లలో ఎక్కువ. స్కానింగ్ కంటే ముందు దీన్ని గుర్తుపట్టేది చాలాసార్లు తల్లో, అమ్మమ్మో. లంగోటీ మార్చేటప్పుడు తొడలు విడదీయడానికి బలం పెట్టాల్సి వస్తుంది. చంకల కింద పట్టుకుని నిలబెడితే కాళ్లు కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి వస్తాయి, మునివేళ్లు మాత్రమే నేలకు తగులుతాయి. ఇవి కనబడితే 'కొన్నాళ్లు చూద్దాం' అనుకోకూడదు. మెదడు కొత్త దారులు వేసుకోగలిగిన వయసు అది. ఫిజియోథెరపీ అప్పుడు మొదలైతే వచ్చే ఫలితం మూడేళ్ల తర్వాత రాదు.

ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల గోడలు, తడిసిన పాలిథిన్ కవరు లోపలి పొరల్లా, ఒకదానికొకటి అతుక్కుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పదార్థం ఆపుతుంది. 34 వారాల ముందు అది చాలినంత ఉండదు. 1980లో జపాన్ డాక్టర్ ఫుజివారా దాన్ని బయటి నుంచి ఇచ్చి బతికించవచ్చని చూపించారు. 1972లో న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ అనే ఇద్దరు డాక్టర్లు కాన్పుకు ముందే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తాయని నిరూపించారు. ఆ తల్లుల పిల్లలను ముప్పయ్యేళ్ల వయసులో మళ్లీ పరీక్షిస్తే, ఇంజెక్షన్ వల్ల ఆలోచనాశక్తికి నష్టం జరిగిన ఆనవాళ్లు కనిపించలేదు. స్టెరాయిడ్ అనగానే బెదిరిపోయే కుటుంబాలకు ఈ సంగతి చెప్పడం చాలా అవసరం.

## కళ్లు: గడువు నెల రోజులే

దీర్ఘకాలిక సమస్యల్లో దాదాపు పూర్తిగా ఆపగలిగినది, అయినా ఇంకా పిల్లల చూపును తీసేస్తున్నది ఆర్‌ఓపీ (రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ) అనే కంటి జబ్బు. కంటి లోపలి తెర అయిన రెటీనాకు రక్తనాళాలు మధ్యలో మొదలై అంచుల వైపు నెమ్మదిగా పాకుతూ, నెలలు నిండేసరికి చివరిదాకా చేరాలి. ముందే పుట్టిన బిడ్డకు ఎక్కువ ఆక్సిజన్ అందితే ఆ పాకుడు ఆగిపోతుంది. కొన్ని వారాలకు రక్తం అందని అంచులు గోల పెడతాయి. దాంతో రక్తనాళాలు అడ్డదిడ్డంగా మొలుస్తాయి, వాటి లాగుడుకు రెటీనా ఊడి వస్తుంది. ఒకసారి ఊడిందంటే చూపు తిరిగి రావడం చాలా అరుదు.

1940లు, 50ల్లో అమెరికా, ఐరోపాల్లో ఇలా దాదాపు పదివేల మంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారు. ఇంక్యుబేటర్లలో లెక్కలేకుండా వదిలిన ఆక్సిజనే కారణమని 1950ల మధ్యలో తేలింది. వెంటనే ఆక్సిజన్ బాగా తగ్గించేశారు. గుడ్డితనం తగ్గింది, మరణాలు పెరిగాయి. ఆ దెబ్బ నుంచి నేర్చుకున్నదే నేటి పద్ధతి: బిడ్డ పాదానికి కట్టిన పల్స్ ఆక్సీమీటర్‌లో అంకె సుమారు 90కి తగ్గకుండా, 95 దాటకుండా చూడటం.

భారతదేశంలో పరిస్థితి పాశ్చాత్య దేశాల కంటే వేరు. అక్కడ ఇప్పుడు ఆర్‌ఓపీ ఎక్కువగా కిలో, కిలోంబావు లోపు పిల్లలకే తీవ్రంగా వస్తుంది. ఇక్కడ కిలోన్నర దాటిన పిల్లల్లోనూ వస్తోంది. గాలితో కలపకుండా నేరుగా ఆక్సిజన్ పెట్టే చిన్న కేంద్రాలు ఉండటం దీనికి ఒక ముఖ్య కారణం. అందుకే మన మార్గదర్శకాల్లో గీత కూడా పైకి గీశారు. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువ బరువున్నా, పుట్టిన నాలుగు వారాల్లోపు కంటి పరీక్ష చేయించాలి. 28 వారాల లోపు, లేదా 1200 గ్రాముల లోపు పిల్లలకు రెండు, మూడు వారాలకే. 34 దాటినా ఎక్కువ రోజులు ఆక్సిజన్ మీద ఉన్న పిల్లలకు కూడా డాక్టరు పరీక్ష రాస్తారు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివర్లోనే ఎన్‌ఐసీయూలకు వెళ్లి ఈ పరీక్షలు చేయడం మొదలుపెట్టింది. నిపుణుల కోసం వేరే రాష్ట్రం పోవాల్సిన పని తెలుగు తల్లిదండ్రులకు లేదు.

పరీక్ష చూస్తే తల్లి గుండె చెరువవుతుంది. పాపను గుడ్డలో బిగుతుగా చుట్టి, కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేసి, రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెడతారు. బిడ్డ ఏడుస్తుంది. పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మరోసారి రమ్మని తేదీ రాసిస్తారు, అదే ఇక్కడ కీలకం. మొదటిసారి బాగుంది అన్నంత మాత్రాన పూర్తయినట్టు కాదు, నాళాలు అంచుదాకా చేరాయని డాక్టరు చెప్పేవరకు వెళ్తూనే ఉండాలి. చికిత్స కావాల్సి వస్తే లేజర్ రెండు మూడు రోజుల్లో జరిగిపోవాలి. వారం ఆలస్యం ఒక కన్నును తీసేయగలదు. బయటికి బిడ్డ కళ్లు మామూలుగానే మెరుస్తుంటాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

## బోర్లా పడితే బొబ్బట్లు ఏ తేదీకి?

తెలుగిళ్లలో బిడ్డ ఎదుగుదలకు ఒక తియ్యటి క్యాలెండర్ ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు. నెల తక్కువ బిడ్డ విషయంలో ఈ క్యాలెండర్ ఏ రోజు నుంచి లెక్కించాలన్నది పెద్ద గందరగోళం. పక్కింటి బిడ్డ ఐదో నెలలో బోర్లా పడింది, మా బిడ్డ ఆరు నిండినా పడలేదు అన్న బాధ చాలా ఇళ్లలో ఉంటుంది.

దీనికి సవరించిన వయసు అన్న పద్ధతి ఉంది. 28 వారాలకు పుట్టిన బిడ్డ 12 వారాలు, అంటే ఇంచుమించు మూడు నెలలు ముందొచ్చినట్టు. క్యాలెండర్ ప్రకారం ఆరు నెలలైతే, ఎదుగుదల లెక్కకు ఆ బిడ్డ మూడు నెలల బిడ్డ. మూడు నెలల బిడ్డ బోర్లా పడకపోవడం ఆలస్యం కాదు. ఈ సవరణను సాధారణంగా రెండేళ్లు నిండే వరకు చేస్తారు. బరువు, ఎత్తుల గ్రాఫు మీద చుక్క పెట్టేటప్పుడు కూడా ఇదే వయసు వాడాలి. లేకపోతే బాగానే ఎదుగుతున్న బిడ్డ కూడా ఎర్ర గీత కింద కనిపిస్తుంది. టీకాలకు మాత్రం ఈ లెక్క వర్తించదు. అవి పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి, ఎందుకంటే కోరింత దగ్గు లాంటి జబ్బులు ఈ పిల్లలనే ఎక్కువ బాధిస్తాయి.

సవరించిన వయసుకు కూడా అందుకోలేకపోతే అప్పుడు నిజంగా ఆలోచించాలి. సవరణ చేసినా నాలుగు నెలలకు మెడ నిలవకపోవడం, ఏడాది లోపే ఒక్క చేతినే వాడటం, శబ్దానికి తిరగకపోవడం లాంటివి డాక్టరుకు చూపించాల్సిన విషయాలు.

## చదువు: పైకి కనిపించని తేడా

బాగా ముందు పుట్టిన పిల్లల గురించి ఎక్కువ తెలిసింది బ్రిటన్, ఐర్లాండ్‌లలో జరిగిన ఎపిక్యూర్ అధ్యయనం వల్ల. 1995లో 26 వారాల లోపే పుట్టి బతికిన పిల్లలను అది పెద్దయ్యే వరకు వెంబడించింది. ఆరేళ్ల వయసులో పరీక్షించినవాళ్లలో 22 శాతానికి తీవ్రమైన వైకల్యం, 24 శాతానికి మధ్యస్థం, 34 శాతానికి స్వల్పం, 20 శాతానికి ఏమీ లేదు. ఇది బతుకుకు అంచున పుట్టిన పిల్లల లెక్కని గుర్తుంచుకోవాలి. 32 వారాల లోపు పుట్టినవాళ్లందరినీ కలిపి చూసిన అధ్యయనాల్లో, నెలలు నిండిన పిల్లలతో పోలిస్తే ఐక్యూ సగటున 10 నుంచి 12 పాయింట్లు తక్కువగా ఉంది. 34 వారాలు దాటితే తేడా కొద్ది పాయింట్లే. సగటు తగ్గిందంటే ప్రతి బిడ్డకూ తగ్గిందని అర్థం కాదు. చాలామంది మామూలు పరిధిలోనే ఉంటారు, కొందరు క్లాసులో ముందుంటారు.

భారతీయ పిల్లల మీద అరుదైన దీర్ఘకాలిక అధ్యయనం పుణేలోని కేఈఎం ఆసుపత్రిలో జరిగింది. 1980ల చివర్లో రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన పిల్లలను డాక్టర్ సుధా చౌదరి బృందం 18 ఏళ్ల వరకు చూసింది. నెలలు తక్కువై, ఉన్న నెలలకు తగిన బరువు కూడా లేనివాళ్లు అందరికంటే వెనకబడ్డారు. ముందు పుట్టడం ఒక దెబ్బ, కడుపులో తిండి అందకపోవడం ఇంకో దెబ్బ. మన దగ్గర ఈ రెండూ తరచూ కలిసే వస్తాయి.

ఈ పిల్లల ఇబ్బందికి ఒక ప్రత్యేకమైన తీరు ఉంది. అక్షరాలు వచ్చేస్తాయి, కథ చెబుతారు, పద్యం అప్పజెబుతారు. లెక్కల దగ్గర ఆగిపోతారు. టీచరు వరసగా మూడు సూచనలు ఇస్తే మొదటిది చేసేసరికి మిగతా రెండూ జారిపోతాయి. బోర్డు మీది నుంచి దించుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఏకాగ్రత లోపం కూడా ఈ పిల్లల్లో మామూలు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ, కానీ అల్లరి తక్కువ. క్లాసులో కదలకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చుంటారు. అల్లరి చేసే పిల్లవాడిని టీచరు పట్టించుకుంటారు, నిమ్మళంగా వెనకబడేవాడిని ఎవరూ చూడరు. వాడికి బద్ధకం అన్న ముద్ర పడుతుంది. పాత తిట్టు మళ్లీ ఇంట్లోకి వస్తుంది.

ఇంకో విషయం పెద్దగా ఎవరూ ఆలోచించరు. ఆగస్టులో పుట్టాల్సిన బిడ్డ మే నెలలోనే పుడితే, సర్టిఫికెట్ మీది తేదీ వల్ల జూన్‌లో మొదలయ్యే బడిలో ఒక ఏడాది ముందే చేరే అవకాశం ఉంది. అసలే కాస్త నెమ్మదిగా ఎదుగుతున్న మెదడు తనకంటే పెద్ద పిల్లలతో పోటీ పడాలి. ఒక ఏడాది ఆగి చేర్చాలా అన్నది తల్లిదండ్రులు డాక్టరుతో మాట్లాడి తేల్చుకోదగిన విషయం.

## పాతికేళ్ల తర్వాత

కిడ్నీలో రక్తాన్ని వడపోసే నెఫ్రాన్లు 36 వారాల వరకే తయారవుతాయి, సగానికి పైగా చివరి మూడు నెలల్లోనే. ముందు పుడితే వాటి సంఖ్య తగ్గిపోవచ్చు, తర్వాత కొత్తవి రావు. ఉన్నవే ఎక్కువ పని చేయాలి. నెలలు చాలా తక్కువై పుట్టిన పెద్దవాళ్లలో పై బీపీ సగటున 3, 4 పాయింట్లు ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం. ఒక మనిషికి ఆ తేడా చిన్నదే. దానికి షుగరు, ఉప్పు ఎక్కువ తిండి, పొగ తోడైతే చిన్నది కాదు.

స్వీడన్‌లో 1973 నుంచి 1997 మధ్య పుట్టిన 25 లక్షల మందిని 18 నుంచి 43 ఏళ్ల వయసులో పరిశీలించారు. పెద్ద జబ్బులేవీ లేకుండా ఉన్నవాళ్లు నెలలు నిండి పుట్టినవాళ్లలో 63 శాతం, నిండకుండా పుట్టినవాళ్లలో దాదాపు 55 శాతం. 28 వారాల లోపు పుట్టినవాళ్లలో మాత్రం 22 శాతం. మొదటి రెండు అంకెల మధ్య దూరం తక్కువన్నది తల్లిదండ్రులకు నిజమైన ఊరట.

మన దగ్గర బరువు విషయం కాస్త జాగ్రత్తగా చూడాలి. మొదటి ఏడాదిలో బిడ్డ బరువు, ముఖ్యంగా తల చుట్టుకొలత పుంజుకోవడం మెదడుకు మంచిది. అయితే ఢిల్లీలో 1970 ప్రాంతంలో పుట్టినవాళ్ల మీద జరిగిన పరిశీలనలో, పసితనంలో సన్నగా ఉండి రెండేళ్ల తర్వాత వేగంగా ఒళ్లు చేసినవాళ్లకే పెద్దయ్యాక షుగరు ఎక్కువ వచ్చింది. అది నెల తక్కువ పిల్లల అధ్యయనం కాదు కానీ హెచ్చరిక వాళ్లకూ పనికొస్తుంది. 'చిన్నప్పుడు తూచలేనంత తేలిక, ఇప్పుడైనా బొద్దుగా ఉండాలి' అని ఐదేళ్ల బిడ్డకు బిస్కెట్లు, తియ్యటి పాల పొడులు పెట్టడం ప్రేమే, కానీ పని చేసేది వేరేవైపు.

## ముప్పును తగ్గించేవి

ఇందులో ఖరీదైనవి తక్కువ. తల్లిపాలు పేగు కుళ్లిపోయే ప్రమాదాన్ని తగ్గిస్తాయి. కొలంబియాలోని బొగోటాలో 1970ల చివర్లో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన కంగారూ పద్ధతిలో బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా కట్టుకుంటారు. ఇరవయ్యేళ్ల తర్వాత చూస్తే అలా పెరిగినవాళ్లలో బడి ఎగ్గొట్టడం, దుడుకుతనం తక్కువ. భారత్, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, బిడ్డ స్థిరపడేదాకా ఆగకుండా పుట్టగానే ఇది మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయి. తండ్రి కూడా కట్టుకోవచ్చు. పురిటి మైల పేరుతో బిడ్డను తండ్రికి ఇవ్వని ఇళ్లలో ఈ మాట చెప్పాల్సిందే.

తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకంగా సంబంధించినది ఇంకొకటి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, దేశంలో అత్యధికం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5. తల్లికో బిడ్డకో ప్రమాదం ఉండి ముందుగా చేసేవి ప్రాణం కాపాడతాయి. మంచి నక్షత్రం కోసమో, సెలవుల కోసమో 37 వారాలకు జరిపేవి వేరు. 39 వారాలకు పుట్టిన బిడ్డతో పోలిస్తే 37 వారాల బిడ్డకు ఊపిరి ఇబ్బంది ఎక్కువ. డేటు లెక్కలో వారం తప్పితే అది 36 అవుతుంది. ముహూర్తం చూపించుకోవాలనుకునే కుటుంబం 39 నిండాక ఉన్న రోజుల్లో చూపించుకుంటే బిడ్డ ఏమీ పోగొట్టుకోదు.

## తెగిపోయే చోటు

ఎన్‌ఐసీయూలో గంట గంటకూ చూసుకున్న వ్యవస్థ, డిశ్చార్జి మర్నాటి నుంచి తల్లి చేతికి ఒక కాగితం ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది. కంటి పరీక్ష ఒకచోట, చెవి పరీక్ష ఇంకోచోట, ఫిజియోథెరపీ మరోచోట. కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి రావాలి. బిడ్డ పైకి బాగానే కనబడుతుంటే మూడోసారి ఎవరూ రారు. ఇవన్నీ ఒకే కప్పు కింద ఉండాలనే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో జిల్లాకొక సత్వర చికిత్సా కేంద్రం పెట్టాలన్నారు. డీఈఐసీ అని పిలిచే ఈ కేంద్రాల్లో పరీక్షలు, థెరపీ ఉచితం. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు అక్కడికి పంపే దారి తెలుసు. తల్లిదండ్రులకు చాలామందికి ఆ పేరే తెలియదు.

ఆ డిశ్చార్జి కాగితంలో ఒక గీత మీద బిడ్డ ఎన్ని వారాల ఎన్ని రోజులకు పుట్టిందో, ఎంత బరువుందో, ఆక్సిజన్ ఎన్ని రోజులు పెట్టారో రాసి ఉంటుంది. మూడేళ్లకు మాట ఆలస్యమైనప్పుడు పిల్లల డాక్టరుకు, ఎనిమిదేళ్లకు లెక్కలు రానప్పుడు బడి టీచరుకు, ముప్పయ్యేళ్లకు బీపీ కాస్త ఎక్కువ చూపించినప్పుడు జనరల్ డాక్టరుకు ఆ గీత పనికొస్తుంది. రేషన్ కార్డు, ఆధార్ ఉంచే కవర్లోనే దాన్నీ ఉంచి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. బిడ్డకు అర్థమయ్యే వయసు వచ్చాక ఆ కాగితం తన చేతికి ఇచ్చి, తను ఎప్పుడు పుట్టిందో చెప్పాలి.